టోపీ పెట్టుకున్న నాలుక

ఇరవై మూడో గిన్నె దగ్గర పానకాలు ఆగాడు.

యూదుల సమాజమందిరం వెనక హాల్లో పొడుగాటి బల్ల. దాని మీద నలభై స్టీలు గిన్నెలు, అన్నిట్లోనూ కందిపప్పే. సగానికి పైగా గిన్నెల్లో సిప్పోరా రకరకాల కొలతల్లో పాలు కలిపింది. మిగతావాటిలో కలపలేదు. ఏది ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలీదు. బల్ల చివర బియ్యం డబ్బా అంత యంత్రం కూర్చుని ఉంది. దానికి ముందువైపు ఏనుగు తొండంలా సన్నటి గొట్టం, పైన కొంగ మెడలాంటి కడ్డీకి ఒక కెమెరా.

"చెప్పు బాబాయ్. పాల రుచి తెలుస్తోందా?" అంది సిప్పోరా.

పానకాలు పప్పు చప్పరించాడు. కళ్లు సగం మూశాడు. రెండో సగంలోంచి సిప్పోరా మొహం చూశాడు. ఆ పిల్ల కింది పెదవి పంటి కింద పెట్టుకుని ఉంది.

"ఉంది. కొంచెమే, కానీ ఉంది," అన్నాడు. ఆపైన అలవాటుగా, "ఉప్పు కాస్త తగ్గింది," అని చేర్చాడు.

సిప్పోరా పెదవి వదిలేసి ఊపిరి తీసుకుంది. అంటే ఒప్పే.

ఇంతకీ పానకాలు గుట్టు ఇక్కడే చెప్పేస్తే మంచిది. అతని నాలుకకు రుచి తెలీదు. ఎనిమిదేళ్ల క్రితం లంకంతా ఒక జ్వరం తిరిగి వెళ్లింది. వెళుతూ వెళుతూ పానకాలు ముక్కునీ నాలుకనీ వెంట తీసుకుపోయింది. కాకరకాయా కలకండా అతనికి ఒకటే. ఈ సంగతి తెలిసింది ప్రపంచంలో ఒక్కరికి, అతని భార్య మాణిక్యానికి. హోటల్లో అప్పట్నుంచీ ఉప్పూ పులుపూ చూసేది ఆవిడే. గరిటె తిప్పేది, పేరు మోసేది పానకాలు.

పేరంటే మామూలు పేరు కాదు. రేపూరిలంకలో పానకాలు నాలుక చట్టంతో సమానం.

సముద్రం నాలుగు మైళ్లు లోపలికి వచ్చాక లంకలో ఇళ్లన్నీ స్తంభాల మీదికి ఎక్కాయి. వీధులు పోయి పడవలు వచ్చాయి. పాలప్యాకెట్లు డ్రోన్ల మీద దిగుతున్నాయి. ఎన్ని మారినా పొయ్యి మీద పాలు పొంగడం మాత్రం మారలేదు. అక్కడున్న నలభై యూదుల ఇళ్లకు అసలు చిక్కు అదే. వాళ్లు మాంసాన్నీ పాలనీ కలిపి తినరు, కలిపి వండరు, ఒకే గిన్నెలో పెట్టరు. వేటమాంసం తిన్న పూట పెరుగన్నం లేదు. ఆరు గంటలు ఆగాలి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరుగు లేకుండా భోజనం ముగించడమంటే ఎంత నిష్ఠ కావాలో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

మరి మాంసం ఉడుకుతున్న కుండలో పక్క పొయ్యి మీది పాలు చింది పడితే? దానికీ వాళ్ల శాస్త్రంలో దారి ఉంది. పడిన పాలకంటే కుండలో ఉన్నది అరవై రెట్లు ఎక్కువైతే పాలు లేనట్టే లెక్క. ఎంత పడిందో తెలీకపోతే, యూదుడు కాని, వంటలో చెయ్యి తిరిగిన మనిషిని పిలిచి రుచి చూడమంటారు. అతను పాల రుచి లేదంటే తినొచ్చు. ఉందంటే కూర పారబోసి, మట్టికుండైతే పగలగొట్టాలి. పరాయివాణ్ణి ఎలా నమ్మడం అనే అనుమానానికి కూడా జవాబు ఉంది: వంటవాడు అబద్ధం చెబితే పోయేది అతని వృత్తి పేరే కదా, అందుకని చెప్పడు.

పానకాలు పాతికేళ్లుగా ఆ మనిషి. అందులో కడపటి ఎనిమిదేళ్లు అతను చూసింది కూర కాదు, కూర తెచ్చిన వాళ్ల మొహం.

మొదటిసారి భయపడే చేశాడు. మిరపకాయంత మనవడిని చంకనేసుకుని వచ్చిన ఒకావిడ కళ్లలో నీళ్లు చూసి, నోట్లో ఏమీ తెలీక, "లేదమ్మా" అనేశాడు. తర్వాత అలవాటైంది. దాంట్లో అతనికొక లెక్క కూడా కుదిరింది. ఒక్క చుక్క పడ్డవాళ్లు వణికిపోతూ వస్తారు. కావాలని కలిపినవాళ్లు, పెళ్లాం పోరు పడలేక వచ్చినవాళ్లు, చేతులు కట్టుకుని పైకప్పు చూస్తారు.

నలభయ్యో గిన్నె అయ్యాక సిప్పోరా కాగితం చూసి కేక పెట్టింది.

"నలభైకి ముప్పై ఎనిమిది! తాతయ్యా, విన్నావా? బాబాయ్ నాలుక ల్యాబులో సెన్సర్ కంటే మెరుగు."

మూల కుర్చీలో పుస్తకం చదువుకుంటున్న మతగురువు, రబ్బీ నెహెమ్యాగారు తలెత్తి, "పాతికేళ్లుగా నేను చెబుతున్నదే కదమ్మా," అని మళ్లీ చదువులో పడ్డారు.

ఆయన పెద్ద మనవరాలు సిప్పోరా. హైదరాబాదులో ఆహార పరిశ్రమలకు సెన్సర్లు తయారుచేసే కంపెనీలో ఆరేళ్లు పనిచేసి, ఈ యంత్రాన్ని పడవలో వేసుకుని లంకకు వచ్చేసింది. ఊరు దానికి రుచిపెట్టె అని పేరు పెట్టింది. వచ్చిన రోజునే అది తన తెలివి చూపించింది. గొట్టంతో ఆవిరి పీల్చి, అందులోని అణువులను బరువును బట్టి విడదీసి, పాలకు సంబంధించినవి కోటిలో ఒకటున్నా పట్టేస్తుంది. పట్టేసింది కూడా. ఉప్పులో పాలన్నది. మిరప్పొడిలో పాలన్నది. చివరికి రబ్బీగారి గడ్డంలోనూ పాలన్నది. పొద్దున కాఫీ తాగారు మరి.

"ఇది ఉందో లేదో చెబుతోంది," అన్నారు రబ్బీగారు గడ్డం తుడుచుకుంటూ. "నేనడిగేది అది కాదమ్మా. రుచి ఉందా అని. కంటికి ఆనని పురుగుని శాస్త్రం పురుగనదు. నాలుకకు తెలీని పాలని పాలనదు. నీ పెట్టెకు ముందు నాలుక తెచ్చిపెట్టు."

అందుకని పానకాలు నాలుక అవసరమైంది. పద్ధతి తేలికే. పెట్టె గిన్నెను వాసన చూస్తుంది. కెమెరా రంగూ ఆవిరీ చూస్తుంది. పానకాలు రుచి చూసి ఉందనో లేదనో అంటాడు. ఇలా కొన్ని వందలసార్లు చూపిస్తే, ఏ గుర్తు ఉన్నప్పుడు అతను ఉందంటున్నాడో పెట్టే స్వయంగా ఏరుకుంటుంది. ఏ గుర్తును ఏరుకుందో మాత్రం ఎవరికీ చెప్పదు. అందరికీ అర్థమైంది మొదటి సగం. ఎవరూ పట్టించుకోనిది రెండో సగం. మాంసంలో పాలు కలిపి వండడమే తప్పు గనక ప్రయోగాలు మూడు నెలలు పప్పుతో జరిగాయి. ఆ మూడు నెలల్లో ఊళ్లో నిజంగా వచ్చిన అనుమానపు కుండలన్నీ కూడా పెట్టె ముందే రుచి చూడాలని ఏర్పాటైంది.

ఆ రాత్రి భోజనం దగ్గర మాణిక్యం నవ్వీ నవ్వీ దగ్గింది.

"నలభైకి ముప్పై ఎనిమిదా? ఆ రెండూ ఎందుకు పోయాయయ్యా?"

"ఆ పిల్లకి తుమ్మొచ్చింది. రెండుసార్లు."

"నవ్వులాట కాదు. ఆ పెట్టె నీకు నేర్పుతోందా, నీ దగ్గర నేర్చుకుంటోందా?"

"నా దగ్గరే."

"అయితే దానికేం వస్తుందయ్యా, నీకున్నదే కదా," అంది మాణిక్యం, అతని కంచంలో పచ్చడి వడ్డిస్తూ. "ఇది గోంగూర. చెప్పకపోతే తెలీదు గదా నీకు."

పానకాలు గోంగూర కలుపుకున్నాడు. పెట్టె బాగా నేర్చుకుంటే తన పని పోతుంది. నేర్చుకోకపోతే ఎందుకు నేర్చుకోలేదని సిప్పోరా వెతుకుతుంది. వెతికితే పాతికేళ్ల పేరు, హోటలు బోర్డు మీది పేరు, అన్నీ కాలవలో కలుస్తాయి. ఎలా చూసినా పెట్టె నేర్చుకోవడమే మేలు. ఆ మూడు నెలలూ అతను దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే.

దేవుడు ఆలకించాడు. మూడో నెల చివరికి పెట్టె జవాబూ పానకాలు జవాబూ నూటికి తొంభై ఆరుసార్లు కలిశాయి. రబ్బీగారు పుస్తకాలు తిరగేసి, రెండు వారాలు ఆలోచించి, "సరే, పానకాలు పక్కన ఉండగా వాడదాం," అన్నారు. ఆ శుక్రవారం నుంచే అన్నారు.

ఆ శుక్రవారమే హుల్దమ్మ పరుగెత్తుకొచ్చింది.

హుల్దమ్మ భర్త పోయిన మనిషి. లంకలో వెనకా ముందూ ఎవరూ లేని ముసలివాళ్లు పద్దెనిమిది మందికి సబ్బాతు భోజనం వండేది ఆవిడే. శుక్రవారం పొద్దు గూకితే సబ్బాతు మొదలు. ఇక మర్నాడు చీకటి పడేదాకా పొయ్యి ముట్టించకూడదు. సాయంత్రం నాలుగున్నరకు ఆవిడా, ఆవిడ తమ్ముడి కొడుకులిద్దరూ పొగలు కక్కే మట్టికుండను పడవలోంచి దించి హాల్లోకి మోసుకొచ్చారు.

"రబ్బీగారూ, పాలు పొంగి కుండలో పడ్డాయండీ. యాకోబు తాతకి టీ పెడదామని వెనక పొయ్యి మీద పెట్టాను. తిరిగి చూసేసరికి..." ఆవిడ కుండ మూత తీసి చూపించింది. "పద్దెనిమిది మందండీ. ఇంకో కుండ లేదు, మాంసం లేదు, పొద్దూ లేదు."

"కంగారు పడకత్తా, పెట్టె ఉందిగా," అంటూ సిప్పోరా గబగబా మీట నొక్కింది. హాలు నిండా జనం. గొట్టం కుండ మీదికి వంగింది. కెమెరా మెడ తిప్పింది. హుల్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. "పాల రుచి లేదు," అంది యంత్రం, సిప్పోరా గొంతుతోనే.

చప్పట్లు. పానకాలు అందరికంటే గట్టిగా కొట్టాడు.

వెనకాలే బోయజుగారు వచ్చారు. పదకొండు పడవల యజమాని. పనివాళ్లతో ఇత్తడి డేగిసా మోయించుకొచ్చి, చేతులు కట్టుకుని పైకప్పు చూస్తూ నిలబడ్డారు. ఆయన వెనక ఆయన భార్య మిల్కమ్మ, ఆయన్ని చూస్తూ నిలబడింది.

"బిర్యానీలో ఏవో రెండు పాలచుక్కలు పడ్డాయని మా ఆవిడ గోల. చూసేయ్ అమ్మాయ్, ఇంట్లో చుట్టాలున్నారు."

ఎర్రదీపం. "పాల రుచి ఉంది."

"ఏం యంత్రమోయ్ ఇది!" అని బోయజుగారు గయ్యిమన్నారు. జనం గుసగుసలాడారు. అంతా అయిందనుకుని సిప్పోరా గొట్టం కడగడానికి తీసింది. తీసి, చేతిలోకి చూసుకుని, కదలకుండా ఉండిపోయింది.

గొట్టం కొసన ఎర్ర రబ్బరు టోపీ ఉంది. దుమ్ము పడకుండా పెట్టేది. హడావిడిలో తీయడం మర్చిపోయింది. పెట్టె రెండు కుండల్లో దేన్నీ వాసన చూడలేదు.

దాచేయొచ్చు. ఆ పిల్ల దాచలేదు. అక్కడికక్కడే చెయ్యి పైకెత్తి చూపించింది.

"తాతయ్యా, దీని మూత తియ్యలేదు. ఇది అసలు... అసలేం చూసి చెప్పిందో నాకు తెలీడం లేదు."

హుల్దమ్మ మొహంలో వచ్చిన రంగు వచ్చినట్టే పోయింది. కిటికీలోంచి ఎండ బల్ల కాళ్ల దాకా జారింది.

"సరే, ఎందుకు భయం? మన పానకాలు ఉన్నాడు," అన్నారు రబ్బీగారు. "రావయ్యా. రుచి చూసి చెప్పు."

ఎవరో గరిటె అందించారు. పానకాలు కుండలో ముంచాడు. అతనికి తెలిసిపోయింది, ఆ పెట్టె ఏం చూసి చెప్పిందో. మూడు నెలలు అది కూరలు వాసన చూసినంతసేపూ పై కెమెరా గిన్నె ముందు నిలబడ్డవాళ్ల మొహాలు కూడా చూసింది. అతని జవాబుకు గుర్తు ఎక్కడుందో అక్కడే వెతుక్కుంది. బుద్ధిమంతురాలు. తన గుట్టు మొత్తం తెలిసిన రెండో ప్రాణి ఇది.

ఎదురుగా హుల్దమ్మ. ఆ మొహానికి ఎనిమిదేళ్లలో అతనొక్కసారీ ఉందని చెప్పలేదు. "లేదమ్మా" అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. సిప్పోరా చేతిలో ఎర్ర టోపీ కనిపిస్తోంది. తప్పయిందని ఆ పిల్ల అంత జనంలో చెయ్యెత్తింది. అరవై రెండేళ్లవాడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"రబ్బీగారూ," అన్నాడు. "నా నాలుక కూడా టోపీ పెట్టుకునే ఉందండీ. ఎనిమిదేళ్లుగా."

ఎవరికీ అర్థం కాలేదు. చెప్పాడు. జ్వరం, ముక్కు, గోంగూర, మొహాలు, అన్నీ చెప్పాడు. గరిటె బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఎనిమిదేళ్లు?" అన్నారు రబ్బీగారు.

"వచ్చే వైశాఖానికి తొమ్మిది."

"వంటవాడు పేరు పోతుందని అబద్ధం చెప్పడని రాసి ఉంది. పేరు పోతుందనే చెబుతాడని రాయలేదు," అని ముసలాయన కళ్లజోడు తీసి తుడిచారు. "తప్పు నాది. ఒక్కసారైనా నీ నోట్లో వేపాకు పెట్టి చూడాల్సింది. ఆ సంగతి తర్వాత. హుల్దా, ఎన్ని పాలు పెట్టావు?"

"అయ్యో, టీగ్లాసుడండీ. ఒక్క మనిషికే కదా."

"ఒక్క టీగ్లాసా? ముందే చెప్పవేం?"

"మీరు ముందే అడగలేదుగా!"

అడగలేదు. పాతికేళ్లుగా అడిగే మొదటి ప్రశ్నను పచ్చదీపం మోజులో ఆయనే మర్చిపోయారు.

"ఆ గ్లాసు తెప్పించండి. మొత్తం పాలూ కుండలోనే పడ్డాయనుకుందాం. ఆ గ్లాసుడు పాలు పోను కుండలో ఇంకో అరవై గ్లాసులుంటే పాలు లేనట్టే. కొలవండి."

పక్కనే మాంసానికి వాడే పెద్ద గంగాళం పెట్టారు. సిప్పోరా అచ్చం అలాంటిదే ఇంకో గ్లాసుతో తోడుతోంది, హాలంతా లెక్కపెడుతోంది. ఇరవై. ముప్పై. కిటికీలో ఎండ గోడెక్కింది. నలభై ఐదు. కుండ అడుగు కనిపించసాగింది. యాభై మూడు దగ్గర లెక్కపెట్టేవాళ్ల గొంతులు తగ్గాయి. యాభై ఏడు దగ్గర కుండను వంచారు. హుల్దమ్మ కళ్లు మూసుకుంది. ఆ మొహం చూస్తూ పానకాలు కూడా మూసుకున్నాడు. చెప్పడానికి అతని దగ్గరేమీ లేదు.

"యాభై తొమ్మిది."

"అరవై."

సిప్పోరా కుండను నిలువునా ఎత్తింది. రెండు ముక్కలూ, కాస్త పులుసూ జారి గ్లాసు నిండింది.

"అరవై ఒకటి!"

హాలు కప్పు ఎగిరిపోయేలా అరుపులు. బోయజుగారు మాత్రం తన డేగిసా దగ్గర్నుంచి గొంతు పెంచారు.

"అయితే నాదీ కొలవండి! ఆ పెట్టె నాదీ చూడలేదుగా. ఏం చూసిందట? నా మొహమా?"

"కొలుద్దాం నాయనా. ఎన్ని పాలు పడ్డాయి?" అన్నారు రబ్బీగారు.

బోయజుగారు పైకప్పు చూశారు.

"పాలు కాదు, పెరుగు," అంది మిల్కమ్మ. "పడలేదు, పోశారు. ముక్కలు నానబెట్టారు."

ఆ మాటతో పానకాలు లెక్కా, పెట్టె లెక్కా రెండూ ఒప్పే అయ్యాయి. అయినా ఆ రెంటికీ ఆ రోజుతో సెలవు.

తర్వాత జరిగింది మామూలుగానే జరిగింది. ఎనిమిదేళ్లుగా ఊరు తిన్న కూరల పాపం రబ్బీగారు తన మీద వేసుకుని నాలుగు సోమవారాలు ఉపవాసం ఉన్నారు. సిప్పోరా కెమెరా ఊడదీసి, పెట్టెకు పాఠం మొదటి నుంచీ చెప్పాలంది. దానికి మళ్లీ ఒక నాలుక కావాలి. యూదు కాకూడదు, వంటలో చెయ్యి తిరగాలి, నిజంగా రుచి తెలియాలి. ఊరంతా వెతకనక్కర్లేదు. ఎనిమిదేళ్లుగా పానకాలు హోటల్లో ఉప్పు చూస్తున్నది ఎవరో ఇప్పుడందరికీ తెలుసు.

మాణిక్యం వేపాకు పరీక్ష నెగ్గింది. నలభై గిన్నెలకు నలభై. రుచి చూసేటప్పుడు ఎవరి మొహమూ చూడదు, గోడవైపు తిరుగుతుంది.

మొదటి నెలలో ఏడు కుండలు పగిలాయి.

వాటిలో రెండు హుల్దమ్మవి. ఒకటి సాక్షాత్తూ రబ్బీగారింటిది. పెట్టె కూడా మాణిక్యం దగ్గర చక్కగా నేర్చుకుంది. ఎవరేడ్చినా ఎర్రదీపం వెలగాలంటే వెలుగుతుంది. దాని మాటలో తప్పు పట్టడానికి లేదు. ఊళ్లోవాళ్లు ముందు మెచ్చుకున్నారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత గిన్నెల్లో కుండల్లో మట్టివన్నీ తీసేసి స్టీలు కొనుక్కున్నారు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాల్లో హాలు బయట ఒక బెంచీ ఉంటుంది. లోపలికి పోయే ముందు అందరూ కుండ ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చుంటారు. బెంచీ చివర పానకాలు ఉంటాడు. అతనికి అక్కడ పనేమీ లేదు. వద్దన్నా పిలుచుకొస్తారు.

మొన్న హుల్దమ్మ వచ్చింది. మూత తీసి, కుండను అతని వైపు జరిపింది.

"ఒక్కసారి చూడన్నయ్యా."

"నాకేం తెలుస్తుంది చెల్లెమ్మా? నాకు నాలుక లేదని ఊరందరికీ తెలుసు."

"నాకూ తెలుసు. లోపల వదినెలాగూ ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఈలోగా నువ్వోసారి చెప్పు."

పానకాలు వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు సగం మూసి, ఆవిడ మొహం చూశాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు. "ఉప్పు కాస్త తగ్గింది."

హుల్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కుండ ఎత్తుకుని, లోపలికి వెళ్లింది.